ఇన్‌స్టాల్ చేసింది నేనే, స్విచ్ వేసిందెవరు?

తెర మీద రెండు టెర్మినళ్ళు పెట్టాను, చూడండి. ఎడమ పక్క డెబియన్, కుడి పక్క ఫెడోరా, రెండూ లినక్స్ డిస్ట్రిబ్యూషన్లే. రెండింట్లోనూ ఇంజిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ ఇన్‌స్టాల్ చేస్తున్నా. ఆఁ, అయిపోయింది. ఇప్పుడు బ్రౌజర్‌లో డెబియన్ మెషీన్ అడ్రస్ కొడదాం. వచ్చేసిందండీ స్వాగతం పేజీ! స్టార్ట్ చెయ్యమని నేను చెప్పనే లేదు. పోర్ట్ 80 తెరవమనీ అనలేదు. సరే, ఫెడోరా సంగతి? అక్కడ ఏమీ రాలేదు. స్టేటస్ అడిగితే ‘డిజేబుల్డ్, ఇనాక్టివ్’ అంటోంది.

సాఫ్ట్‌వేర్ అదే. ప్యాకేజీ కట్టేవాళ్ళకు పెట్టిన నియమాలు వేరు. ఈ వీడియో ఆ నియమాల గురించే.

బోరు మోటారు బిగించడానికి వచ్చిన మనిషి, పైన ట్యాంకు కడిగారా లేదా, పైపు కలిపారా లేదా చూడకుండా స్టార్టర్ నొక్కేసి వెళ్ళిపోయాడనుకోండి. డెబియన్ పద్ధతి కాస్త అలా ఉంటుంది. వాళ్ళ వాదనా తీసిపారేసేది కాదు. సర్వర్ కావాలనే కదా ఇన్‌స్టాల్ చేశారు, మళ్ళీ విడిగా స్టార్ట్ చెయ్యమనడం దేనికి అంటారు. నేర్చుకునే కుర్రాడికి అది హాయే. క్లౌడ్‌లో పబ్లిక్ అడ్రస్ ఉన్న మెషీన్ మీద మాత్రం నేను ఫెడోరా పక్షమే.

ఫెడోరాలో ప్యాకేజీ తనంతట తాను సర్వీసును ఎనేబుల్ చేసుకోకూడదు. దానికి ప్రీసెట్ అనే ఫైళ్ళున్నాయి. అవి ఆ సర్వీసు ప్యాకేజీలో ఉండవు, డిస్ట్రిబ్యూషన్ చేతిలో ఉంటాయి. వాటిలో ఆఖరిదాన్ని తెరిచి చూడండి: ‘డిజేబుల్’ అని, పక్కన ఒక నక్షత్రం గుర్తు. అంటే పై ఫైళ్ళలో పేరు లేని ప్రతి సర్వీసూ ఆఫ్‌లోనే ఉండాలి. ఆన్‌లో ఉండే జాబితాలో చోటు కావాలంటే, బయటి మెషీన్ల నుంచి కనెక్షన్లు తీసుకునే సర్వీసులకు మామూలుగా దారి లేదు. సెట్టింగ్స్ రాస్తే గానీ పనిచెయ్యని వాటికీ అంతే.

ఇక్కడ కొంచెం లోపలికి వెళ్దాం, అసలు సరదా ఇక్కడే ఉంది. ప్యాకేజీతో పాటు చిన్న చిన్న షెల్ స్క్రిప్టులు వస్తాయి. ఇన్‌స్టాల్ అయ్యాక ఒకటి, తీసేసే ముందు ఒకటి. నడిచేదేమో రూట్ హోదాలో! ఫెడోరా వాడే ఆర్‌పీఎమ్ ప్యాకేజీల్లో అప్‌గ్రేడ్ జరిగే వరుస చూడండి. ముందు కొత్త ప్యాకేజీ తాలూకు ‘పోస్ట్’ స్క్రిప్ట్ నడుస్తుంది. పాత ప్యాకేజీ తాలూకు ‘తీసేసే ముందు’ స్క్రిప్ట్ ఆ తర్వాత నడుస్తుంది. పాతదాంట్లో ‘సర్వీసు ఆపు, డిజేబుల్ చెయ్యి’ అని అమాయకంగా రాసి ఉందనుకోండి. మీరు చేసింది మామూలు అప్‌డేట్, తెల్లారి చూస్తే వెబ్‌సైట్ లేదు.

ఇలా జరక్కుండా ఆ ‘తీసేసే ముందు’ స్క్రిప్టుకు ఒక అంకె అందుతుంది. సున్నా వస్తే నిజంగా తీసేస్తున్నారని, ఒకటి వస్తే అప్‌గ్రేడ్ అని. ఆ అంకె చూడటం ఎవరో ఒకరు మర్చిపోతారు, మనుషులు కదా. అందుకే ఫెడోరా ఆ పనిని తయారుగా ఉన్న మ్యాక్రోలకు అప్పగించి, వాటినే వాడమంది. ‘సిస్టమ్‌డీ పోస్ట్’ అనే మ్యాక్రో ప్రీసెట్‌ను మొదటిసారి ఇన్‌స్టాల్ అప్పుడే చూస్తుంది. ఆ తర్వాత మీరు ఆఫ్ చేసుకుంటే, రేపటి అప్‌గ్రేడ్ వచ్చి దాన్ని మళ్ళీ ఆన్ చెయ్యదు. అప్‌గ్రేడ్ తర్వాత రీస్టార్ట్ చేసే మ్యాక్రో వేరే ఉంది. దాన్ని ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే డీ-బస్ లాంటి వాటికి వాడితే మీరు చూస్తున్న డెస్క్‌టాపే కూలిపోతుంది, కాబట్టి అన్నిటికీ ఒకే మంత్రం కుదరదు.

డెబియన్ వాళ్ళు ఊరుకున్నారని కాదు. స్క్రిప్టులు సర్వీసును నేరుగా తట్టిలేపకూడదు, ‘ఇన్వోక్-ఆర్‌సీ డాట్ డీ’ అనే మధ్యవర్తి ప్రోగ్రామ్ ద్వారానే వెళ్ళాలన్నది అక్కడ పాత నియమం. సర్వీసు నడిపే ఫైలు ఏ రూపంలో ఉండాలన్న దాని మీదే పెద్ద గొడవ జరిగింది. ప్రాజెక్టు సభ్యులు 2019 డిసెంబరులో ఓటు వేశారు. సర్వీసులను నడిపే సిస్టమ్‌డీకే మొగ్గు, ప్రత్యామ్నాయాలు ప్రయత్నించేవాళ్ళకూ చోటు అన్న ప్రతిపాదన గెలిచింది. తర్వాత 2023లో సిస్టమ్‌డీ 254వ వెర్షన్ పాత సిస్టమ్ ఫైవ్ స్క్రిప్టులకు మద్దతు ముందు ముందు తీసేస్తామని ప్రకటించింది. ఇంకా పాత స్క్రిప్టుతోనే నెట్టుకొస్తున్న ప్యాకేజీలకు అది నోటీసే.

నియమం ఉంటే సరిపోతుందా అంటే, ఓపెన్‌సూసే కథ వినండి. అక్కడ రూట్ హోదాలో నడిచే డీ-బస్ సర్వీసుల ఫైళ్ళు, ఎవరు ఏం చెయ్యొచ్చో చెప్పే పోల్‌కిట్ అనుమతులు ముందు భద్రతా బృందం పరిశీలనకు వెళ్ళాలి. డీపిన్ డెస్క్‌టాప్‌లో కొన్నిటికి ఆ అనుమతి రాలేదు. అప్పుడొక ప్యాకేజీ పుట్టింది. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు లైసెన్సు ఒప్పందంలా ఒక పెట్టె చూపించి, మీరు సరే అంటే, ఆపేసిన ఫైళ్ళనే టార్‌బాళ్ళ నుంచి తీసి వాటి చోట్లలో పెట్టేసేది! ప్యాకేజీలోని ఫైళ్ళను చూసే తనిఖీకి కనిపించింది ఆ టార్‌బాళ్ళు మాత్రమే. ఇది 2021లో వచ్చింది, బృందం కంటపడింది 2025లో. అదే ఏడాది మేలో డీపిన్ డెస్క్‌టాప్‌నే ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్ నుంచి తీసేస్తున్నామని చెప్పారు. కఠినమా? నాకైతే అలా అనిపించలేదు. వాడేవాడి చేత ‘సరే’ నొక్కించి, ఆ బాధ్యత అతని నెత్తినే పెట్టడం అన్యాయం కాదా?

సరే, డెబియన్, ఉబుంటు వాడేవాళ్ళకు ఒక చిట్కా. ఇన్‌స్టాల్ చేసే ముందే ‘యూఎస్ఆర్ ఎస్‌బిన్’లో ‘పాలసీ-ఆర్‌సీ డాట్ డీ’ అనే చిన్న స్క్రిప్ట్ పెట్టండి. అందులో ‘ఎగ్జిట్ 101’ రాసి, నడిపే అనుమతి ఇవ్వండి. ‘ఇన్వోక్-ఆర్‌సీ డాట్ డీ’ ద్వారా వచ్చే ప్యాకేజీ ఏదైనా స్టార్ట్ చెయ్యబోతే ఇది వద్దంటుంది. డాకర్‌లో డెబియన్ ఇమేజ్‌లు తెరిచి చూస్తే ఇదే ఫైలు కనిపిస్తుంది. పని అయ్యాక దాన్ని తీసెయ్యడం మర్చిపోకండి. మర్చిపోయి, సర్వీసు ఎందుకు లేవట్లేదని సాయంత్రమంతా లాగ్ ఫైళ్ళు తిరగేసినవాణ్ణి నేను!