ఉదయవార్తా సంపాదకుడు
(వార్షిక మహాసభయందు జేసిన యుపన్యాసము)



మేము ముప్పదియైదేండ్లు బాలుర వాక్యదోషములను దిద్దినవారము. నేడు మా శిష్యు డొకని గూర్చి మనవిచేయ నిలిచితిమి. అతడు మన కులమువాడే. ఒక తెలుగు టెలివిజనునందు ఉదయవార్తలకు సీనియరు ఎడిటరు.

ఉదయవార్తాప్రసారము మనకు నిన్నమొన్నటిది. అమెరికాలో ఎన్.బి.సి. సంస్థ 1952 జనవరి 14న 'టుడే' కార్యక్రమము నారంభించెను. ఇంగ్లండునందు బి.బి.సి. 1983లో నీ మార్గము ద్రొక్కెను. మన దేశమున టెలివిజను 1959లో ఢిల్లీయందు మొదలైనను, దూరదర్శన్ ఉదయప్రసారములు 1987లో గాని రాలేదు.

లోకము నిద్రించువేళ నీ యుద్యోగికి బగలు. అర్ధరాత్రము దాటగనే కార్యాలయము జేరి విలేకరుల వార్తలను బరిశీలించును. ఏది ముందు, ఏది వెనుక, దేని కెన్ని సెకండ్లు అను పట్టికను గూర్చును. దీనినే రన్‌డౌన్ అందురు. ప్రసారము నడుచుచుండగా గ్రొత్తవార్త వచ్చెనా, పట్టిక తలక్రిందగును. అప్పుడు వార్తలు చదువువారి చెవిలోని యంత్రముద్వారా క్షణములో మార్పు దెలుపవలయును.

2019వ సంవత్సరమున నొకనాటి తెల్లవారుజామున, మన సంఘపోషకు లొకరు రోడ్డుప్రమాదములో మరణించిరని కొన్ని టెలివిజనులు చూపెను. మా శిష్యుని కార్యక్రమములో నా మాటయే లేదు. మేము కోపించి ఫోను చేసి, "నాయనా! మనవారి మరణవార్త చెప్పుటకు నీకు నోరు రాలేదా?" యంటిమి. "గురువుగారూ, ఆసుపత్రివా రింకను ధ్రువపఱచలేదు. తమరు కోపించినను నేను వేయజాలను" అని యతడు ఫోను పెట్టెను. రెండు గడియలు గడువకమున్నే యా పెద్దలు ప్రాణములతో నున్నారని తెలిసినది. దూరదేశమున నున్న వారి కుమార్తె యింతలో నెంత యేడ్చినదో చెప్పనలవిగాదు. ఆ మహనీయులు నేడీ సభలో మొదటి వరుసనే యాసీనులై యున్నారు. మేము వారియెదుట సిగ్గుపడుచున్నాము.

సుందరకాండము చదివినవా రెఱుగుదురు. హనుమంతుడు లంకలో మండోదరిని జూచి తొలుత సీతయని భ్రమించి గంతులు వేసెను. పిదప తర్కించి, కాదని తెలిసికొని, మరల వెదకెను. తొలి సంతోషముతోనే సముద్రము దాటి వచ్చియుండిన, రాముని కబద్ధమే యందియుండును. నిజముగా సీతను గనుగొని తిరిగివచ్చినపుడో, చూచితినను మాటను ముందుగా సంక్షేపముగా జెప్పి, విస్తారమును పిదప జెప్పెను. తెలిసికొనుటలో నోర్పు, చెప్పుటలో క్లుప్తత. సంపాదకధర్మ మంతయు నిందే యున్నది.

కావున మా విన్నపములు రెండు. వార్తాలయములందున్న మన బిడ్డలను, "మనవాడవు గదా" యని పక్షపాతమునకు బిలువకుడు. సంఘనిధినుండి ప్రతివత్సర మొక పేదవిద్యార్థికి వార్తారచన నేర్చుటకు వేతన మొసంగుడు. మా పింఛనునుండి తొలి చందాగా 5,000 రూపాయలు నేడే సమర్పించుచున్నాము.

స్వస్తి.