విమానచోదకుల కొలువు, జీతము



మన బిడ్డలను పైలట్లను చేయవలెనను ఉత్సాహము మన కుటుంబములలో కలదు. సంతోషమే. అయితే కొలువిచ్చు సంస్థ సంగతి మనమెంత విచారించుచున్నాము?

మన బెంగళూరే ఇందుకు సాక్షి. 2003లో ఇచ్చట ఎగిరిన ఎయిర్ డెక్కన్ చిన్న పట్టణములకు విమానమును తెచ్చినది. పిదప కింగ్‌ఫిషర్‌లో లీనమైనది. ఆ కింగ్‌ఫిషర్ నెలల తరబడి జీతములీయక పోగా, పైలట్లు, ఇంజనీర్లు పని మానిరి. 2012 అక్టోబరు 20న దాని లైసెన్సు నిలిచిపోయినది. 2015 ఏప్రిలులో ఇచ్చటనే మొదలైన ఎయిర్ పెగాసస్ 2016 జూలైలో ఆగినది. విజయవాడవారి ఎయిర్ కోస్టా 2013 నుండి 2017 వరకే నడచినది.

ఇందొక చిక్కు కలదు. లారీ డ్రైవరు బండి మార్చినంత సులువుగా పైలటు విమానమును మార్చలేడు. ఎ.టి.ఆర్. నడపువాడు ఎయిర్‌బస్ నడపవలెనన్న మరల శిక్షణ, మరల లక్షల రూపాయలు. కోస్టావారి ఎంబ్రాయర్ విమానముల వంటివి నాడు మన దేశపు ఇతర సర్వీసులలో దాదాపు లేవు. ఆ పైలట్లెచ్చటికి పోవుదురు?

పైగా 2017 నాటి ప్రభుత్వ నియమము చొప్పున కొలువు మానుటకు కెప్టెను ఏడాది, కో-పైలటు ఆరు నెలలు ముందుగా నోటీసీయవలెను. ఆ కాలమున పైలటు హక్కులను హరింపరాదని సంస్థకును చెప్పియున్నారు. ఒకటో తేదీన జీతము రానిచో ఆ మాటతో ఇంటి అద్దె తీరునా?

పొలము తాకట్టుపెట్టి చదివించు తల్లిదండ్రులకు మా మనవి యిది. లగ్నపత్రికకే నలుగురు పెద్దలను పిలుచు మనము, ఉద్యోగపు ఒప్పందమును న్యాయవాదికి చూపుటకు సంకోచింపనేల? శిక్షణ బాండు ఎంతయో, సంస్థ మూతపడినచో ఆ బాండు ఏమగునో, జీతము ఆగినచో నోటీసు గడువు తగ్గునో లేదో సంతకమునకు ముందే వ్రాతపూర్వకముగా తెలిసికొనుడు.