రోడ్డుకున్న పూచీ మన ఇంటికి లేదా?

(అచ్చంపేటలో కాలనీ ఇళ్ల సమస్య మీద జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇక్కడికి వచ్చేముందు ఒక పల్లెకు పోయాను. పేరు చెప్పను, చెబితే పాపం ఆ పెద్దమ్మ మీద పడతారు. ఆమె మంచం నడింట్లో వెయ్యదు, గోడవారకు జరుపుకుని పడుకుంటుంది. ఎందుకమ్మా అంటే వేలు పైకి చూపించింది. స్లాబు పెచ్చులూడి తుప్పుపట్టిన చువ్వలు కనపడుతున్నాయి. "ఎవరికీ చెప్పలేదా?" అన్నాను. "చెప్పకేం నాయనా! ఆ ఆఫీసుకు పోతే ఈ ఆఫీసుకు పొమ్మన్నారు. ఈళ్లేమో కట్టింది కాంట్రాక్టరు, ఆయన్నడుగు అన్నారు. ఆయన ఫోనెత్తడు" అంది.

ఎవర్నడగాలో తెలియకుండా చెయ్యడం కూడా ఒక పరిపాలనా పద్ధతే. దాని సంగతే ఇవాళ మాట్లాడుకుందాం.

మన రాష్ట్రంలో గృహనిర్మాణ సంస్థ 1979లో వచ్చింది. 1985లో ఇందిరా ఆవాస్ వచ్చింది. దళితులకు, గిరిజనులకు, వెట్టి నుంచి విడుదలైనవాళ్లకు అని చెప్పి మొదలుపెట్టారు. ఆ పథకం నిబంధనల్లో ఒక మంచి మాట రాసుకున్నారు: కాంట్రాక్టరు చెయ్యి పెట్టకూడదు, ఎవరిల్లు వాళ్లే దగ్గరుండి కట్టుకోవాలి. 2016లో దాని స్థానంలో వచ్చిన గ్రామీణ ఆవాస్ యోజనలోనూ అదే మాట. అమలు సంగతి మీకు నేను చెప్పాలా? కాగితం మీదైనా ఆ మాట ఉంది, అంతవరకు మేలు.

2020 డిసెంబరు 25న మొదలైన ఇళ్ల పథకంలో మూడు ఆప్షన్లు పెట్టారు. సామాను ప్రభుత్వం ఇస్తే మనం కట్టుకోవడం ఒకటి. సామాను మనమే కొనుక్కుని బిల్లు తీసుకోవడం రెండు. మూడోది ప్రభుత్వమే కట్టించి ఇవ్వడం. ఇంటికి 1,80,000 రూపాయలు. మూడోది రాసుకున్నవాళ్లెవరు? పూట కూలికి పోకపోతే పొయ్యి వెలగనివాళ్లు. మిరప కోతలు మానుకుని ఇటుకలు లెక్కబెట్టుకుంటూ కూచోలేనివాళ్లు. ఒంటరి ఆడవాళ్లు, ముసలివాళ్లు. సర్కారు కట్టిస్తానంటే సరేనన్నారు. అందులో వాళ్ల తప్పేముంది?

కానీ తాపీ పట్టింది సర్కారు కాదు, కాంట్రాక్టరు. పట్టా మన పేర, ఫోటో మన మొహం, పని వేరేవాడిది. మనకిచ్చిన పేరేమో లబ్ధిదారు! ఇల్లు బీటిస్తే మాత్రం ఆ లబ్ధిదారే "ఇంటి యజమాని" అయిపోతాడు. నీ ఇల్లు, నువ్వే బాగుచేయించుకో అంటారు.

కాంట్రాక్టర్లందరూ దొంగలని నేననను. పని చెడితే పూచీ ఎవరిదన్నదే నా ప్రశ్న. ప్రధానమంత్రి గ్రామ సడక్ రోడ్డు పక్కన బోర్డు చూశారుగా. రోడ్డు వేసిన కాంట్రాక్టరే 5 ఏళ్లు బాగుచెయ్యాలని ఒప్పందంలోనే ఉంటుంది. బండి తిరిగే రోడ్డుకు పూచీ ఉంది. పిల్లలు పడుకునే ఇంటికి అలాంటి బోర్డు ఎక్కడైనా చూశారా?

పైగా మనది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నోరు తెరుస్తుంది. మిరపకు, పత్తికి బంగారంలాంటి నేల. పునాది లోతు తగ్గించారో, గోడ మూలన ఏటవాలుగా బీట పడుతుంది. ఇది మన తాపీమేస్త్రీలకు తెలుసు. వాళ్లనడిగిందెవరు?

ఇది మన దగ్గరే అనుకోకండి. లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ అని 24 అంతస్తుల సర్కారు ఇళ్ల మేడ. అక్కడి మునిసిపాలిటీ దాని నిర్వహణ వేరే సంస్థకు అప్పగించింది. మరమ్మతులో ఖర్చు తగ్గుతుందని, లోపల ప్లాస్టిక్ ఉన్న అల్యూమినియం రేకులు గోడలకు తొడిగారు. ప్రమాదం ఉందని అందులో ఉండేవాళ్లు ముందే మొత్తుకున్నారు. 2017 జూన్ 14న అంటుకుంది. 72 మంది చనిపోయారు. విచారణలో ప్రతివాడూ పక్కవాడి మీదకు తోశాడు. ఆ చావులన్నీ ఆపగలిగినవేనని తేల్చడానికి 2024 సెప్టెంబరు దాకా పట్టింది. తెల్లోళ్ల రాజధానిలోనే పేదోడి మొర అంత దూరం పోతే, మన మొర ఎంత దూరం పోవాలి?

అందుకని నోటిమాట చాలదు, కాగితం పెట్టాలి. 2005 సమాచార హక్కు చట్టం మీలో చాలామందికి తెలుసు. అందులో ఎక్కువమంది వాడని హక్కు ఒకటుంది. జరిగిన పనిని మనమే తనిఖీ చెయ్యొచ్చు, వాడిన సామాను నమూనా అడిగి తీసుకోవచ్చు. మండల ఆఫీసుకైతే ఫీజు 5 రూపాయలు, తెల్లకార్డువాళ్లకు అదీ లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఏమడగాలి? ఏ దశకు ఎంత బిల్లు, ఎవరి ఖాతాలో పడింది? పునాది లోతు ఎంత రాశారు? ఏ ఇంజనీరు సంతకం పెట్టాడు? కాంట్రాక్టరుతో ఒప్పందం నకలు ఇవ్వండి, అందులో మరమ్మతు పూచీ ఎన్నేళ్లు?

ఒక్కరే పెట్టొద్దు. ఒక్కరైతే పిలిచి బెదిరిస్తారు, లేదంటే బుజ్జగిస్తారు. కాలనీ అంతా ఒకేరోజు పెట్టండి. జవాబులు వచ్చాక అన్నీ పట్టుకుని సోమవారం నరసరావుపేట కలెక్టరేటుకు పోదాం, అర్జీల రోజు అదేగా.

చదువుకున్న పిల్లలు ఇద్దరు ముందుకు రండి. కాగితాలు తెచ్చాను. ఇంటి నంబరు, కట్టిన సంవత్సరం, బీట ఎక్కడుందో రాసుకుందాం. అమ్మా, వెనక నిలబడ్డావు, నీ ఇల్లు కురుస్తోందన్నావు గదా, నీతోనే మొదలుపెడదాం, రా.