జబ్బు తగ్గిన చేపకు పథ్యం



ఇంట్లో ఎవరికైనా జ్వరం తగ్గితే మనమేం చేస్తాం? మర్నాడే గారెలూ, పులిహోరా వడ్డించం కదా! మొదటిరోజు పల్చని చారన్నం, రెండోనాడు బీరకాయ కూర, అలా మెల్లమెల్లగా మామూలు తిండిలోకి దింపుతాం. జ్వరం తగ్గటం వేరు, మనిషి తేరుకోవటం వేరు అని మన పెద్దవాళ్ళకు బాగా తెలుసు. ఈవేళ నేను చెప్పబోయేదీ పథ్యం సంగతే. కాకపోతే మనుషులకు కాదు, హాల్లో గాజుతొట్టెలో వున్న ఫైటర్ చేపకు.

"చేపకు పథ్యమేమిటమ్మా, విడ్డూరం!" అని నవ్వకండి. ముచ్చటపడి తెచ్చుకున్న చేప తొట్టె అడుగున పడుకుంటే పిల్లవాడు అన్నం ముట్టడు. మందు తెచ్చేది నాన్నగారే అయినా, పూటపూటా కనిపెట్టి చూసే పని మన మీదే పడుతుంది.

ఈ చేప అసలు పేరు బెట్టా. దీని పుట్టిల్లు థాయ్‌లాండ్ దేశం. అక్కడి వరిమళ్ళలో, లోతులేని కాలవల్లో పెరుగుతుంది. 2019లో ఆ దేశం దీన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించుకుంది కూడా. బజార్లో కొరమీను కాసిని నీళ్ళల్లో గంటల తరబడి బతికి వుండటం మీరు చూసే వుంటారు. అదీ, ఇదీ కూడా నీటిపైకి వచ్చి గాలి పీల్చుకోగలవు. అందుకే దుకాణంవాళ్ళు బెట్టాను చిన్న సీసాలో పెట్టి అమ్ముతారు. మనం ఆ సీసానే దాని ఇల్లనుకుంటాం. పొరపాటంతా అక్కడే వస్తుంది. గాలి పైన దొరుకుతుంది గానీ, నీళ్ళలో చేరిన మలినం ఎక్కడికి పోతుంది? చేప విసర్జించినదీ, తినగా మిగిలిన మేతా కలిసి అమ్మోనియా అనే విషం తయారవుతుంది. ఆ నీళ్ళలో చేప నీరసిస్తుంది. రెక్కలు చివికిపోవటం వంటి జబ్బులు పట్టుకుంటాయి. పదిలీటర్లకు తక్కువ కాని తొట్టె, పైన మూత, మూతకూ నీళ్ళకూ మధ్య కాస్త గాలి — ఇవి దానికి కనీస సౌకర్యాలు. మూత ఎందుకంటారా? ఈ చేప ఎగిరి బయట పడగలదు.

జబ్బు తగ్గుముఖం పట్టగానే చాలామంది చేసే పని, తొట్టెడు నీళ్ళూ పారబోసి, తోమి, కొత్తనీళ్ళు నింపటం. శుభ్రం మంచిదేగా అనుకుంటాం. కాని తొట్టెలోని రాళ్ళకూ, ఫిల్టరు స్పాంజికీ అంటుకుని కంటికి కనిపించని మేలుచేసే సూక్ష్మజీవులుంటాయి. అమ్మోనియా విషాన్ని విరిచేవి అవే. తోమేస్తే అవి పోతాయి. పైగా నీళ్ళు ఒక్కసారిగా మారితే నీరసంగా వున్న చేప తట్టుకోలేదు. కాబట్టి వారానికి రెండుసార్లు పావువంతు నీళ్ళు మాత్రం తీసి, అంతే కొత్తవి పోయండి. కుళాయి నీళ్ళలో క్లోరిన్ వుంటుంది గనుక, వాటిని వెడల్పాటి బకెట్లో ఒక పగలూ ఒక రాత్రీ మూత లేకుండా వుంచి వాడండి. జబ్బుచేపను విడిగా చిన్న టబ్బులో వుంచితే, అందులో ఫిల్టరు వుండదు గనుక రోజూ కొంత నీరు మార్చాలి. నీళ్ళు జానెడు లోతుకు మించకుండా వుంటే పైకి వచ్చి గాలి పీల్చుకోవటం దానికి తేలిక.

నీటి వేడి ఇరవైఅయిదు నుంచి ఇరవైఎనిమిది డిగ్రీల మధ్య వుండాలి. మన విజయనగరం, శ్రీకాకుళం వైపు వేసవిలో దీనికి ఇబ్బంది లేదు. ధనుర్మాసపు రాత్రుల్లోనే నీళ్ళు చల్లబడిపోతాయి. దానంతటదే ఆగే చిన్న హీటరు పెట్టుకుంటే మంచిది. తొట్టెలో చెయ్యి పెట్టేముందు ప్లగ్గు తీయటం మాత్రం మరచిపోకండి.

ఇక ఉప్పు. నౌపడ ఉప్పుమళ్ళ ఊసు తెలియని వాళ్ళు మనలో లేరు. ఏమీ కలపని అటువంటి కల్లుప్పు, లీటరుకు ఒక గ్రాము చొప్పున, వేరే గ్లాసులో కరిగించి కొంచెం కొంచెంగా పోయవచ్చు. వారం పదిరోజులకు మించి వద్దు. నీరు ఆవిరైనా ఉప్పు ఆవిరి కాదు గనుక, తగ్గిన నీటికి మళ్ళీ ఉప్పు కలపకూడదు. మన వీధుల్లో రాలే ఎండు బాదం ఆకును కడిగి ఒకటి వేస్తే నీరు తేనెరంగు తిరుగుతుంది. థాయ్‌లాండ్‌లో చేపలు పెంచేవాళ్ళకు ఇది పాత అలవాటే. పురుగుమందు తగలని చెట్టు ఆకు ఏరుకోండి. పసుపూ, వేపరసమూ మాత్రం పోయకండి.

ఒంటిమీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు వచ్చే జబ్బు ఒకటుంది. చుక్కలు పోగానే మందు ఆపేస్తే తిరగబెడుతుంది. ఎందుకంటే ఆ క్రిమి రాలి, అడుగున చేరి, వందలుగా పెరిగి మళ్ళీ చేప మీదికి వస్తుంది. మందుసీసా మీద రాసినన్నాళ్ళూ వాడాల్సిందే. చివికిన రెక్కల అంచున అద్దంలా పల్చని పొర కనిపిస్తే కంగారుపడకండి. అది కొత్త రెక్క మొలుస్తున్న గుర్తు.

లంఖణం పరమౌషధం అన్న మాట చేపకూ వర్తిస్తుంది. కడుపు ఉబ్బితే ఒకరోజు మేత ఆపండి. తరవాత పొద్దున రెండు గుళికలు, సాయంత్రం రెండు. మిగిలినది వెంటనే తీసెయ్యండి. ఇది పురుగులు తినే చేప. అన్నం మెతుకులూ, మరమరాలూ దీని తిండి కావు. దోమపిల్లలంటే దీనికి ఇష్టమే గానీ, కాలవనీళ్ళవి తెస్తే వాటితో పాటు జబ్బులూ వస్తాయి. పైడితల్లి సిరిమాను సంబరానికి పుట్టింటికి వెళుతూ, మూడురోజుల మేత ఒక్కసారే గుమ్మరించేసి వెళ్ళకండి. రోజుకొక పొట్లం కట్టి పక్కింటి పిన్నిగారికి అప్పగించండి. అద్దం చూపించి పౌరుషం రేపే ఆట కూడా కొన్నాళ్ళు మాన్పించండి. ఒంట్లో శక్తి లేనివాణ్ణి తగాదాకు దింపుతామా?

2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ — ఈ తుపానుల్లో మనం రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపాం. తుపాను కబురు వినగానే మన తాగునీటితో పాటు చేపకూ ఒక బకెట్టు పట్టి వుంచండి. ఫిల్టరు ఆగిపోతే మేత తగ్గించి, రోజూ చెంబెడు నీళ్ళు చేత్తో మార్చండి. గాలి పీల్చే చేప కనుక ఆ నాలుగురోజులూ గట్టెక్కుతుంది.

ఎంత చేసినా కొన్ని దక్కవు. పొలుసులు పనసకాయ ముళ్ళలా నిక్కి, ఒళ్ళు ఉబ్బితే బతకటం కష్టం. ఆ సంగతి పిల్లలకు దాచకుండా చెప్పండి. "పోనీ, నాగావళిలో వదిలేద్దాం" అన్నా, చంపావతి అన్నా, ఊరి చెరువు అన్నా ఒప్పుకోకండి. దాని జబ్బు అక్కడి చేపలకు అంటుకోవచ్చు. బాగున్న బెట్టాకైనా ఆయుష్షు సుమారు రెండు మూడేళ్ళే.

ఒక చిన్న నోటుపుస్తకం పిల్లవాడి చేతికివ్వండి. తేదీ, నీటి వేడి, వేసిన గుళికలు, చేప ఎలా వుంది — రోజూ రెండు పంక్తులు రాయమనండి. నోరులేని ప్రాణి కోసం వేళకు లేవటం, కొలిచి పెట్టటం, తొందరపడకుండా వుండటం — ఇవి వాడికి అలవాటు కావాలి. చేప దక్కినా దక్కకపోయినా ఆ అలవాటు వాడి దగ్గర వుండిపోతుంది. రేపు ఇంట్లో మనలో ఎవరైనా మంచాన పడితే, మన పక్కన కూర్చుని చారన్నం కలిపి పెట్టేదీ ఆ చేతులే కదా!

సెలవు.