పెయింట్ గన్‌కు గాలి ఎక్కడినుంచి?



మా సంఘం వాళ్లం తలుపులకు, మంచాలకు, కుర్చీలకు రంగులు వేస్తాం. తక్కువ ఒత్తిడి గన్ కొందామనుకున్నప్పుడు, గన్ కంటే దానికి గాలిచ్చే యంత్రం గురించే ఎక్కువ విచారించాం. ఈ గన్ ముక్కు దగ్గర ఒత్తిడి 10 పీఎస్‌ఐ దాటదు. అందుకే రంగు వృథా తక్కువ. కానీ గాలి మాత్రం బాగా తాగుతుంది.

షాపులో హార్స్‌పవరు, ట్యాంకు సైజు చెప్తారు. మనం అడగాల్సింది, నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి బయటికిస్తుందని. దాన్నే సీఎఫ్‌ఎం అంటారు. గన్ 12 అడుగుతుంటే కంప్రెసర్ 6 ఇస్తే, ట్యాంకులో గాలి తగ్గగానే రంగు చుక్కలు చుక్కలుగా పడుతుంది. పైగా కంప్రెసర్ గాలిలో నీళ్లు చేరతాయి. నీళ్లు పట్టే ఫిల్టర్ పెట్టాలి, రోజూ ట్యాంకు కింద నీళ్లు వదలాలి.

టర్బైన్‌కు ట్యాంకు ఉండదు. వెచ్చని పొడి గాలి ఆగకుండా ఇస్తుంది. అయితే పంక్చర్ పనికి, మేకుల గన్నుకు పనికిరాదు. వెచ్చని గాలికి రంగు త్వరగా ఆరుతుంది, థిన్నర్ చూసి కలపాలి. దానికి గన్ కూడా వేరే.

మాకు రంగుల పని ఒక్కటే కాబట్టి టర్బైన్ తీసుకున్నాం. రంగు తుంపర తగలకుండా దూరంగా పెడతాం. మాస్క్ లేకుండా ఎవరమూ గన్ పట్టం.

అక్కా, యంత్రం నడిచినా నడవకపోయినా అప్పు వాయిదా ఆగదు. డబ్బు కట్టకముందే మన రంగే పోసి, ఒక తలుపు మొత్తం ఆపకుండా వేయించి చూడండి. సెలవు.