మూత్రపిండ దానము – మన ఇళ్ళలో మాటలాడుకోని మాట

(శతవార్షికోత్సవ సభలలో రోగుల పరామర్శ బృందము తరఫున చదివిన ప్రసంగ పాఠము)



మేము తొమ్మిది మందిమి. ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఆసుపత్రులకు వెళ్ళి రోగులను చూసి రావడము మా పని. మేము వైద్యులము కాము. మాలో ఇద్దరు మాత్రము నర్సులుగా పనిచేసి రిటైరైనవారు. వైద్యమునకు సంబంధించి మేము చెప్పేది వారిని, వారి ద్వారా డాక్టర్లను అడిగి తెలుసుకున్నది. మిగిలినది కళ్ళారా చూసినది.

డయాలిసిస్ వార్డు మీలో ఎంతమంది చూశారో తెలియదు. వారమునకు రెండు మూడు సార్లు, ఒక్కొక్క సారి నాలుగు గంటలు మనిషి మంచము మీద ఉండాలి. రక్తము గొట్టములలోనుండి యంత్రములోనికి వెళ్ళి శుభ్రపడి తిరిగి వస్తుంది. నొప్పి కంటె దాహము వారిని ఎక్కువ బాధిస్తుంది. మన ఎండాకాలములో గ్లాసుడు మజ్జిగ త్రాగాలన్నా లెక్క చూసుకోవాలి. "అక్కా, ఒక్కసారి కడుపునిండా చల్లని నీళ్ళు త్రాగితే చాలు" అన్నాడు ఒక తమ్ముడు. షుగరు, రక్తపోటు ఈ జబ్బునకు ముఖ్య కారణములు. శ్రీకాకుళము జిల్లా ఉద్దానములో అయితే ఈ రెండూ లేని కొబ్బరితోటల రైతులకు, కూలీలకు కూడా మూత్రపిండములు చెడిపోతున్నవి. ఎందుకో ఇంకా తేలలేదు.

ఈ మంచము మీదనుండి లేపగలిగినది మూత్రపిండ మార్పిడి. 1954 డిసెంబరులో అమెరికాలోని బోస్టన్ నగరములో డాక్టర్ జోసెఫ్ మరే కవల సోదరులలో ఒకరి మూత్రపిండమును రెండవవారికి అమర్చారు. పుచ్చుకున్న సోదరుడు ఎనిమిది సంవత్సరములు బ్రతికాడు. ఇచ్చిన సోదరుడు 2010 వరకు జీవించాడు! ఇచ్చినవాడే ముందు పోతాడని మన ఇళ్ళలో భయపడతారు గనుక ఈ సంగతి చెబుతున్నాము. మన దేశములో 1971లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో ఈ చికిత్స జరిగింది. వేలూరు మన సంఘస్థులకు కొత్త కాదు, పెట్టె సర్దుకొని రైలెక్కిన కుటుంబములు ఈ సభలోనే ఉన్నవి.

ఫలితముల మాటకు వస్తే, మంచి ఆసుపత్రులలో మార్పిడి జరిగిన నూరుగురిలో తొంభై మందికి పైగా ఏడాది తరువాత కూడా క్రొత్త మూత్రపిండము పనిచేస్తూనే ఉంటుంది. ఆపై చాలా మందికి పది, పదిహేను, ఇరవై ఏళ్ళు కూడా నడుస్తుంది. అయితే ఇది ఒకనాటితో తీరే వైద్యము కాదు. పరాయి అవయవమును శరీరము త్రోసిపుచ్చకుండా రోజూ మాత్రలు వేసుకోవాలి, జీవితాంతము. బాగున్నాము గదా అని మాత్రలు మానేసి మళ్ళీ యంత్రము వద్దకే వచ్చినవారిని మేము చూశాము. ఇచ్చినవారికి రెండవ మూత్రపిండము కొంత పెరిగి పని చూసుకుంటుంది. అపాయము బొత్తిగా లేదనము, బహు తక్కువ. ఏటేటా పరీక్ష మాత్రము తప్పదు. ఆ పరీక్షకు ఇచ్చిన స్త్రీలు రారు. పుచ్చుకున్న భర్తను తీసుకొని వస్తారు, తమకు చేయించుకోకుండా తిరిగి వెళతారు.

'స్త్రీలు' అన్నది పొరపాటున వచ్చిన మాట కాదు. 1995 నుండి 2021 వరకు మన దేశములో లెక్కకు వచ్చిన 36,640 అవయవ మార్పిడులలో పుచ్చుకున్నవారు 29,695 మంది పురుషులు, 6,945 మంది స్త్రీలు. బ్రతికి ఉండగా ఇచ్చేవారిలో మాత్రము ఎక్కువమంది తల్లులు, భార్యలు, అక్కచెల్లెళ్ళు. మన దేశములో మార్పిడి చేసే మూత్రపిండములలో అత్యధిక భాగము బ్రతికి ఉన్నవారు ఇచ్చినవే. అంటే మన ఇళ్ళలో ఎవరికైనా మూత్రపిండము కావలసివస్తే ముందుగా వంటింటి వైపు చూస్తున్నాము. ప్రేమతో ఇచ్చేవారిని మేము తక్కువ చేయము. కాని "నీ ఇష్టమేనా?" అని ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి అడిగినవారు ఎందరు?

చనిపోయినవారు ఇవ్వగలిగినది మట్టిలో పెట్టి, బ్రతికి ఉన్న ఇల్లాలిని కోయించుకోమంటున్నాము. ఈ మాట కటువుగా ఉంటే క్షమించండి. మా తప్పు కూడా ఇందులో ఉన్నది గనుక చెబుతున్నాము.

కొన్ని సంవత్సరముల క్రిందట మోటారు సైకిలు ప్రమాదములో తలకు దెబ్బ తగిలిన ఒక కుర్రవాడిని చూడబోయాము. మన సంఘ కుటుంబమే. మెదడు పూర్తిగా చచ్చిపోయిందని, యంత్రము వలన ఊపిరి ఆడుతున్నదని డాక్టర్లు చెప్పారు. అవయవములు ఇస్తారా అని మెల్లగా అడిగారు. ఆ తల్లి మా ముఖముల వైపు చూసి, "ఏం చేయమంటారమ్మా?" అన్నది. మాలో ఒకరు "అద్భుతము జరగవచ్చు, ఆగుదాము" అన్నారు. తక్కినవారము తలలు వంచుకున్నాము. తెల్లవారుజామున గుండె ఆగిపోయింది. ఆరు నెలల తరువాత ఆమె మా ఇంటికి వచ్చి, "ఆ రాత్రి మీరు తెలిసినది చెప్పి ఉంటే ఇచ్చేదానిని" అన్నది. నిష్ఠూరముగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది. ఇవ్వమని మేము ఆమెను ఒప్పించవలసినదని కాదు, అడిగినదానికి జవాబు చెప్పవలసినది. చెప్పడానికి మాకు తెలియదు. ఆ తరువాతనే తెలుసుకోవడము మొదలుపెట్టాము.

మెదడు మరణము స్పృహ తప్పడము వంటిది కాదు. స్పృహ తప్పినవారు కోలుకోవచ్చును, మెదడు చచ్చినవారు తిరిగి రారు. 1994 నాటి చట్టము ప్రకారము నలుగురు డాక్టర్లు, కనీసము ఆరు గంటల వ్యవధిలో రెండు సార్లు పరీక్షించి ధ్రువపరచాలి. కుటుంబము ఒప్పుకుంటేనే తరువాతి పని. అమ్మకము, కొనుగోలు నేరము. కళ్ళయితే ఇంటివద్ద మామూలుగా మరణించినవారు కూడా ఆరు గంటల లోపల ఇవ్వవచ్చును. మూత్రపిండములకు ఆ వీలు లేదు, ఆసుపత్రిలో యంత్రము మీద గుండె ఆడుతుండగానే తీయాలి. అందువలన నిర్ణయానికి దొరికే సమయము బహు కొద్ది.

"పెట్టెలో శరీరము పాడై కనబడుతుందా?" అని అడుగుతారు. కనబడదు. కుట్లు వేసి, బట్టలు తొడిగి అప్పగిస్తారు. చివరిచూపునకు ముఖము మామూలుగానే ఉంటుంది.

"పునరుత్థాన దినమున అవయవము లేకుండా లేస్తామా?" అనేది రెండవ ప్రశ్న. దీనికి గురువులు చెప్పాలి, మేము చాలము. ఒక్కటి మాత్రము జ్ఞాపకము చేస్తాము. డిచ్‌పల్లిలోను, సాలూరులోను కుష్ఠు ఆసుపత్రులలో వ్రేళ్ళు, పాదములు పోగొట్టుకొని మరణించినవారిని మన పెద్దలు ఏ నిరీక్షణతో సమాధి చేశారో, అవయవములన్నీ ఉన్నవారినీ అదే నిరీక్షణతో చేశారు. వ్రేళ్ళు లెక్కపెట్టలేదు.

ఇవ్వదలచినవారు మన రెండు రాష్ట్రములలోను జీవన్‌దాన్ వారివద్ద పేరు నమోదు చేసుకోవచ్చును. కాని ఆ కార్డు బీరువాలో దాచితే ప్రయోజనము లేదు. ఆ వేళ సంతకము పెట్టేది భార్యో, భర్తో, బిడ్డలో. వారికి ముందే నోటితో చెప్పి ఉంచాలి. భోజనముల వేళ చావు మాట ఏమిటని కసరుతారు. మా ఇళ్ళలోనూ కసిరారు.

మా తొమ్మిది మందిలో ఏడుగురము ఇంట్లో చెప్పాము. ఒక అక్కగారి పెద్దకొడుకు ఇప్పటికీ ఒప్పుకోలేదు, ఆమె విడిచిపెట్టకుండా చెబుతూనే ఉన్నారు. తక్కిన ఇద్దరు ఇంకా ఆలోచిస్తున్నారు. ఆ రాత్రి "ఆగుదాము" అన్న సహోదరి ఆ ఇద్దరిలో ఒకరు. ఆమెను మేము తొందరపెట్టడము లేదు. ఈ ప్రసంగము శుభ్రముగా తిరగవ్రాసి ఇచ్చినది మాత్రము ఆమెయే.