పాత తుపాకీ చెప్పే సాక్ష్యం
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



వేలూరులోనో గుడియాత్తంలోనో ఒక ఇంటి అటక మీది పెట్టెలో తుప్పుపట్టిన రివాల్వరు బయటపడినదనుకొందాం. "ఇది వేలూరు సిపాయిల తిరుగుబాటునాటిది" అని ఇంటిల్లిపాదికీ అనాలనిపించడం సహజం. కోట కళ్లెదుటే ఉన్నది కదా! అయితే ఆ మాట నిజమా?

1806 జూలై 10 తెల్లవారకముందే కోటలోని సిపాయిలు తిరగబడ్డారు. కొత్త తలపాగా ధరించాలనీ, నుదుటి బొట్టు తీసివేయాలనీ వచ్చిన ఆజ్ఞలు వారి మనసును గాయపరిచాయి. టిప్పు సుల్తాను కుటుంబం అప్పుడు ఆ కోటలోనే నిర్బంధంలో ఉన్నది. ఆర్కాటు నుండి గిలెస్పీ సేనతో వచ్చి ఆనాడే తిరుగుబాటును అణచివేశాడు. ఇది చరిత్ర.

ఆనాటి సిపాయి చేతిలోనిది చెకుముకి తుపాకీ. కొక్కేనికి బిగించిన రాయి ఉక్కు రేకును రాచుకొని నిప్పురవ్వలు రాల్చేది. వాటితో మందు అంటుకొనేది. ఒకసారి పేలితే మళ్లీ మందు కూరవలసిందే. దెబ్బకు అంటుకొనే మందును ఉపయోగించే పద్ధతికి స్కాట్లాండు మతాచార్యుడు అలెగ్జాండర్ ఫోర్సైత్ 1807లో, అంటే తిరుగుబాటు జరిగిన మరుసటి ఏట, పేటెంటు పొందాడు. గుడియాత్తం అగ్గిపుల్లల తలకు అద్దే పొటాషియం క్లోరేటు అటువంటి తొలి మందులలోనూ ఉండేది. పిదప రాగి కేపులు వచ్చాయి. చేతితో తిప్పుకొనే సిలిండరు తుపాకులు అరుదుగా అంతకుముందూ ఉన్నా, కొక్కెం లాగగానే సిలిండరు తిరిగే రివాల్వరుకు శామ్యూల్ కోల్ట్ ఇంగ్లండులో 1835లో, అమెరికాలో 1836లో పేటెంటు పొందాడు. కాబట్టి పెట్టెలోని రివాల్వరు 1806 నాటిది కాజాలదు.

మరి దాని వయస్సు తెలుసుకోవడం ఎలా? మొదట నిర్మాణం చూడాలి. సిలిండరు మీదుగా ఇనుప పట్టీ లేకుంటే అది తొలినాటి కోల్ట్ పద్ధతి కావచ్చు. చట్రమూ గొట్టమూ ఒకే ముక్కగా పోతపోసినట్లు కనిపిస్తే 1851 నాటి ఆడమ్స్ పద్ధతి. పైభాగాన విడిపడి ముందుకు వంగేదైతే వెబ్లీ వంటిది కావచ్చు. వెబ్లీ మొదటి నమూనాను బ్రిటిష్ సైన్యం 1887లోనూ, ఆరవ నమూనాను 1915లోనూ స్వీకరించింది.

తరువాత ముద్రలు చూడాలి. గొట్టాన్ని పరీక్షించినవారు కిరీటంతో కూడిన గుర్తులు వేసేవారు. బర్మింగ్‌హామ్ పరీక్షాశాల 1813లో ఏర్పడింది. బాణం గుర్తు ప్రభుత్వ సొత్తుకు చిహ్నం. ఈస్టిండియా కంపెనీ తుపాకులపై హృదయాకారపు ముద్ర ఉండేది. సుమారు 1808 తరువాత సింహం బొమ్మ వచ్చింది. టిప్పు ఆయుధాలపై పులి గుర్తులూ, ఆయన ప్రవేశపెట్టిన మౌలూదీ శకపు సంవత్సరాలూ కనిపిస్తాయి. పేటెంటు సంవత్సరం తయారీ సంవత్సరం కాదన్నది మరువరాదు. వస్తువు అంతకుముందుది కాదని మాత్రమే అది చెబుతుంది. వరుస సంఖ్యను తయారీదారుల పుస్తకాలతో పోల్చినప్పుడే కాలం మరింత కచ్చితంగా తేలుతుంది. మెరుపు కోసం ఇసుకతో తోమితే ముద్రలతో పాటు సాక్ష్యమూ పోతుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది భద్రత. పాత ఆయుధంలోనూ తూటా ఉండవచ్చు. పిల్లలను దగ్గరకు రానీయక, మీటను ముట్టక, పోలీసులకు తెలియజేయాలి. 1959 నాటి ఆయుధాల చట్టం మినహాయింపు ఇచ్చేది మరమ్మతు చేసినా పేలని పురాతన ఆయుధాలకే. ఆ నిర్ణయం ఇంటివారిది కాదు.

వేలూరు సిపాయిల త్యాగానికి కల్పిత సాక్ష్యం అవసరం లేదు. "తాతగారు చెప్పారు" అన్నదాన్ని గౌరవంగా విని, "ఆధారం ఏమిటి?" అని వినయంగా అడగగల విద్యార్థి తయారైతే, డెబ్బదియైదేండ్ల ఈ పాఠశాల కృషి ఫలించినట్లే.